మార్త టీచరు, పాత స్కాను సీడీ

గుణదలలో ముప్పై దాటిన వాళ్ళలో సగం మందికి మౌసు పట్టుకోవడం నేర్పింది మార్త టీచరే. ఈ మాట పక్కవాళ్ళు అనేది కాదు, ఆవిడే చెప్పుకుంటుంది. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. పద్దెనిమిదేళ్ళు ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పి, అది మూతపడ్డాక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచరుగా చేరింది. మనిషి మంచిదే, నోరే కాస్త పదును. మెషీను ఊరికే పాడవదు, ఎవరో ఒకరు వేలు పెడితేనే పాడవుతుందని ఆవిడ సిద్ధాంతం. "ఏం ముట్టుకున్నావో ముందు అది చెప్పు" అన్నాకే ఎవరి కంప్యూటరైనా చూసేది.

అలాంటి మార్త ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, గుడిలో ఆరాధనకు కూడా వెళ్ళకుండా, తన ఇంట్లో కంప్యూటరు ముందే దిక్కుతోచక కూర్చుంది.

సంగతి ఇదీ. భర్త ఏసుపాదానికి నెల రోజులుగా దగ్గు తగ్గలేదు. స్కాను తీస్తే ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. సోమవారం ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేస్తామని శనివారమే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆ సాయంత్రం మాటల మధ్యలో ఏసుపాదం, పదకొండేళ్ళ కిందట ఉయ్యూరు రోడ్డులో బండి మీంచి పడ్డప్పుడు కూడా ఛాతీ స్కాను తీశారని చెప్పాడు. పెద్ద డాక్టరు రాస్తున్నవాడల్లా తలెత్తాడు. "అది దొరుకుతుందా? అప్పుడు దెబ్బల కోసమే చూసుంటారు. అప్పుడు కూడా ఈ మచ్చ ఇంతే ఉంటే భయపడాల్సింది కాదు, కత్తి పెట్టక్కర్లేదు. అప్పుడు లేకపోతే మాత్రం తియ్యాల్సిందే" అన్నాడు. ఆదివారం పదకొండింటికి రౌండ్సుకు వస్తాను, ఆలోగా తెప్పించండని చెప్పి వెళ్ళాడు.

పాత స్కాను దొరికింది. ఏసుపాదం తల్లి మణెమ్మ దాన్ని ట్రంకు పెట్టెలో చీరల మడతల మధ్య భద్రంగా దాచింది. కానీ అది సీడీ. వార్డులో కంప్యూటర్లకు సీడీ పెట్టే చోటే లేదు. స్కానింగు గదిలో అడిగితే బయటి సీడీలు పెట్టనివ్వం, వైరస్‌లు వస్తాయన్నారు. "ఫైళ్ళు నాకు మెయిల్ చెయ్యండి మేడం, సార్‌కి నేను చూపిస్తాను" అంది జూనియర్ డాక్టరు సాయిశ్రీ. ఆదివారం షాపులు తెరవరు. ఇరుగుపొరుగు లాప్‌టాప్‌లన్నీ కొత్తవి, సీడీ మొహం ఎరగనివి. మిగిలింది ఇంట్లో ఉన్న పాత డబ్బా ఒక్కటే.

ఆ డబ్బా కూడా సహకరిస్తే కదా. బటన్ నొక్కితే ట్రే బయటికి వస్తోంది. సీడీ పెడితే లోపలికి వెళ్తోంది. పచ్చదీపం వెలుగుతోంది. తీరా మై కంప్యూటర్ తెరిస్తే సీ ఉంది, డీ ఉంది, సీడీ డ్రైవ్ బొమ్మ మాత్రం లేదు. తలుపు తీసి రమ్మన్న ఇంట్లో పలికే మనిషి లేనట్టుంది వ్యవహారం.

రీస్టార్టు చేసింది. డివైస్ మేనేజర్‌లో వెతికింది, లిస్టులో దాని పేరే లేదు. మళ్ళీ రీస్టార్టు చేసింది. తొమ్మిదీ ఇరవై అయింది. ఒళ్ళు మండి ఆసుపత్రిలో తండ్రి దగ్గరున్న కూతురు డయానాకు ఫోన్ కొట్టింది.

"ఏం ముట్టుకున్నావో ముందు అది చెప్పు."

"నేను ఆ కంప్యూటర్ జోలికెళ్ళి రెండేళ్ళయింది మమ్మీ. కొంచెం మెల్లగా మాట్లాడు, డాడీ వింటున్నారు."

మార్త ఫోన్ పెట్టేసి అత్తగారి వైపు తిరిగింది. "మీరేమన్నా తడిగుడ్డ పెట్టి తుడిచారా అత్తయ్యా?"

"తుడిచా. పైపైనే తుడిచా. దాని కడుపులోకి నేనెందుకు పోతానమ్మాయ్?"

ఇక లాభం లేదని కరెంటు తీసేసి, పక్క రేకు స్క్రూలు విప్పింది. టార్చి వేసి చూస్తే సీడీ డ్రైవ్ వెనక కరెంటు వైరు ఉంది. సమాచారం మోసే సన్నటి ఎర్ర వైరు లేదు. అది వంగి వెళ్ళి కింద ఇంకో దానికి తగిలించి ఉంది.

"ఎవడో ఈ పని చేసిన పెద్దమనిషి" అంటూ మార్త టార్చి కిందికి దించింది.

ఆ వైరు తగిలించింది ఎస్ఎస్‌డీకి, అంటే మెషీను వేగం పెంచే కొత్తరకం డిస్కుకి. దాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క, ప్లాస్టరు మీద 2021 అని తన చేతిరాత. అప్పుడు గుర్తొచ్చింది. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకు ఈ మెషీను నత్తనడక నడుస్తోందని తనే ఎస్ఎస్‌డీ తెప్పించింది. వేరే వైరు కొందామంటే షాపులు మూసేశారు. ఇక సీడీలు చూసేదెవరులే అని తన చేత్తోనే ఆ వైరు పీకి దీనికి పెట్టింది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మార్తకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సిగ్గును మించి భయం వేసింది, ఈ ధీమాతో ఇంకా ఏమేం చేసి మర్చిపోయిందోనని.

"దొరికిందా? ఎవరు చేశారంట?" అంది మణెమ్మ.

"నేనే అత్తయ్యా."

ముసలావిడ ఒక్క క్షణం కోడలి మొహం చూసింది. ఎన్నేళ్ళ బాకీ అయినా తీర్చుకోవచ్చు ఆ క్షణంలో. తీర్చుకోలేదు. "సరే, చేసినోళ్ళకే తెలుస్తది ఎట్టా సరిచెయ్యాలో. కానియ్ కానియ్" అంది.

ఎస్ఎస్‌డీని కదిపితే మెషీనే లేవదని, పాత హార్డ్ డిస్కుకున్న వైరు తీసి సీడీ డ్రైవ్‌కు పెట్టింది. మెషీను ఆన్ చేస్తే బొమ్మ కనబడింది. తొమ్మిదీ యాభై. హమ్మయ్య అనుకుంటూ సీడీ లోపలికి తోసింది.

డబ్బా గడగడలాడింది. బల్ల మీద గ్లాసు కదిలింది. తర్వాత చప్పుడు ఆగి, డిస్కు చదవలేకపోతున్నానని తెర మీద అక్షరాలు వచ్చాయి. మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ అంతే. సీడీ బయటికి తీసి తిప్పి చూస్తే, పైవైపు ఒక అంచున చిన్న దళసరి కార్డు అతికించి ఉంది. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి గుళ్ళో ఒక్కొక్కరూ తీసుకునే, బైబిలు వాక్యం అచ్చువేసిన వాగ్దాన కార్డు. పొద్దున చూసింది కానీ పట్టించుకోలేదు. ఒకే పక్క బరువుంటే జోరుగా తిరిగేటప్పుడు డిస్కు ఊగిపోతుంది.

పీకేద్దామని గోరు పెట్టింది. కార్డు అంచుతో పాటు వెండి పొర కూడా పొక్కులా లేచింది. మార్త చెయ్యి అక్కడే ఆగిపోయింది. సీడీలో ఉన్నదంతా ఆ పైపొర కిందే ఉంటుందని ఆవిడే వందసార్లు పాఠం చెప్పింది. ఇది పీకితే స్కానూ కార్డుతోనే వచ్చేస్తుంది.

"నేనే అంటించా" అంది మణెమ్మ. "ఆ యేడు నేను తీసిన వాగ్దానం అది. వాడు బతికి బయటపడ్డాడు, వాడి రొమ్ములో ఏమీ లేదన్నారని అంటించుకున్నా. ఇంత పని చేస్తదనుకోలేదు."

మామూలు రోజైతే మార్త నోరు ఊరుకునేది కాదు. పది దాటింది. రేపు ఈపాటికి భర్తను కోసేసి ఉంటారు, అక్కర్లేని కోత కావచ్చు. "ఒకే పక్క బరువత్తయ్యా, అదీ చిక్కు" అని మాత్రం అంది.

మణెమ్మ ఆ సీడీని చేతిలోకి తీసుకుంది. "మా నాయన కావిడి మోసేవోడు. ఒక కుండ దించాల్సొస్తే రెండోది కూడా దించేవోడు, లేకపోతే ఒరిగిపోద్దని. దీన్ని తియ్యలేనప్పుడు రెండో పక్క కూడా ఇంతే పెట్టరాదా?"

మార్త వెంటనే లేచింది. గుడివాళ్ళు ఆ కార్డులు ఏటా ఒకే కొలతలో అచ్చువేయిస్తారు. మణెమ్మ తన గోడకున్న ఈ ఏటి కార్డు తీసి ఇచ్చింది. మార్త స్కేలుతో కొలిచి, సరిగ్గా ఎదురు అంచున, రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి ట్రేలో పెట్టింది. ఈసారి గ్లాసు కదల్లేదు. ఫోల్డరు తెరుచుకుంది. పదీ నలభైకి ఫైళ్ళన్నీ కాపీ అయ్యాయి, పదీ యాభై రెండుకి మెయిలు వెళ్ళింది. ఒక బొమ్మ తెరిచి చూసింది. నలుపూ తెలుపూ గుండ్రాలు, ఏది మచ్చో ఏది మామూలో ఆవిడకేం తెలుసు.

మణెమ్మ ప్రార్థనకు మోకాళ్ళ మీద కూర్చుని, కోడలి వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ వాడి రొమ్ములో ఏమీ ఉండకూడదనే అడిగా. ఇప్పుడేమని అడగాలమ్మాయ్?"

"ఉండాలని అడగండి అత్తయ్యా. అప్పుడు కూడా ఉండాలని."

ఇద్దరూ అదే అడిగారు.

పదకొండున్నరకు డయానా ఫోన్ చేసింది. "మమ్మీ, పెద్ద డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి కొలిచాడు." ఆపైన ఏడుపే.

"ఉందా, లేదా?"

"ఉంది మమ్మీ. అప్పుడూ ఇంతే ఉందంట. రేపు ఆపరేషన్ లేదు."

"ఏందంట?" అంటోంది మణెమ్మ, కోడలి చెయ్యి పట్టుకుని.

"ఉందంట అత్తయ్యా."

కొడుకు ఊపిరితిత్తిలో మచ్చ ఉందని విన్న ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని, దేవుడికి వందనాలు చెబుతూ ఏడ్చింది. ఊరందరినీ దబాయించే మార్త టీచరు ఆవిడ పక్కనే నేల మీద కూలబడి, అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది.