ఈశాన్యం మూలన పెట్టిన రౌటర్

క్షమించమని నాకు చాలామంది చెప్పారు. కోరుట్లలో కేబుల్, ఇంటర్నెట్ నడిపే ఆ మనిషిని క్షమిస్తే నా మనసుకు శాంతి కలుగుతుందట. శాంతి కావాలని నేనెవరినీ అడగలేదు. పగ మూఢనమ్మకం కాదు. కారణమున్న పగను పట్టపగలు, నలుగురి ముందు, రుజువు చూపి తీర్చుకుంటే అందులో హేతువుకు విరుద్ధమైనది నాకేమీ కనిపించదు.

కారణం నా మేనకోడలు. కోరుట్లలో మా చెల్లె కూతురు, ఎనిమిదో తరగతి. దానికి ఫిట్స్ ఉన్నాయి. కరీంనగర్ డాక్టరు రాసిన గోలీలు పొద్దున, రాత్రి మానకుండా వేస్తుంటే ఏడాదిగా ఒక్కసారి కూడా రాలేదు. మా బావ మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో చెల్లె, వాళ్ళ అత్త, పిల్ల. ఆ ఇంట్లో నిర్ణయాలన్నీ అత్తవే. ఆమె చెడ్డది కాదు. మనవరాలికి ఫిట్స్ వచ్చిన రోజుల్లో పిల్ల నాలుక కరుచుకోకుండా తన వేలు నోట్లో పెట్టి, ఆ వేలికి ఇప్పటికీ మచ్చ మోస్తున్న మనిషి. అలా వేలు పెట్టకూడదని డాక్టరు తిట్టాడు. అది వేరే సంగతి.

వెల్గటూర్ దగ్గర గోదావరి ఒడ్డున ఒక స్వామి వెలిశాడు. ఫిట్స్‌కు దారం కడతాడు. మందులు మానితేనే దారం పని చేస్తుందంటాడు. ఆయన ప్రవచనాలను తన కేబుల్‌లో రోజూ చూపించేవాడు, ఆయన పేరుతో ఇంటర్నెట్‌లో పేజీ తయారు చేసి పెట్టినవాడు మన కేబులాయన. వచ్చే గురువారం పిల్లను తీసుకుపోయి దారం కట్టించి, ఆ రోజు నుంచి గోలీలు ఆపాలని అత్త నిశ్చయించింది.

నేను జగిత్యాలలో ఉంటాను. నా వ్యాసాలకు నాకొక చిన్న వెబ్‌సైటు ఉంది. ఫిట్స్ మందులు ఉన్నట్టుండి ఆపితే ఏం జరుగుతుందో డాక్టర్లను అడిగి, దారం మహిమను ఉతికి ఆరేసి ఒక వ్యాసం రాశాను. లింకు చెల్లెకు పంపాను. అత్తకు చదివి వినిపించమన్నాను.

చెల్లె ఫోన్ చేసింది. 

"అన్నా, నీ లింకు ఒత్తితె సామి ఫోటో అస్తున్నది. ఎన్నిసార్లు ఒత్తినా సామే. నీ రాతలు గూడ సామికి దండం పెట్టినయని మా అత్త వాడకట్టంత చెప్పుకుంటున్నది."

జగిత్యాలలో నా ఇంట్లో చూస్తే వ్యాసం నిక్షేపంగా ఉంది. చెల్లెను వైఫై ఆపి, ఫోన్‌లో సిమ్ నెట్ మీద తెరవమన్నాను. వ్యాసం వచ్చింది. మళ్ళీ వైఫై పెడితే స్వామి వచ్చాడు. నాకు అప్పుడే సగం అర్థమైంది. అత్తకు మాత్రం ఆ తేడాతో నమ్మకం ఇంకా గట్టిపడింది. రౌటర్ ఉన్నది పూజ అలమరలో. ఈశాన్యం మూలన పెడితే సిగ్నల్ బాగుంటుందని కేబులాయనే దాన్ని అక్కడికి మార్చాడు. దసరాకు బండికి, కుట్టు మిషన్‌కు పెట్టినట్టే దానికీ పసుపు, కుంకుమ పెట్టారు. స్వామి ఫోటో పక్కనే దీపం, దీపం పక్కనే రౌటర్. బయటి నెట్ మీద నా రాత, పూజ జరిగే డబ్బా మీద స్వామి. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలని ఆమె వాదన.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కంప్యూటర్లకు మన పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. మనం ఒక వెబ్‌సైటు పేరు కొడితే, ఆ పేరు గలవాడి ఇల్లు ఎక్కడని మన రౌటర్ ఎవరినో అడగాలి. బస్టాండులో దిగిన కొత్త మనిషి చాయ్ హోటల్‌లో తొవ్వ అడిగినట్టు. ఆ తొవ్వ చెప్పేదాన్నే డీఎన్ఎస్ సర్వర్ అంటారు. ఎవరిని అడగాలో రౌటర్‌లో ఒక గడిలో అంకెల్లో రాసి ఉంటుంది. మనం రాయకపోతే కనెక్షన్ ఇచ్చినవాడే తన అంకె రాసి పెడతాడు. వాడు అబద్ధం చెబితే మనం వేరే ఇంటికి పోతాం. అదే మనం వెతుక్కుంటూ వచ్చిన ఇల్లనుకుంటాం. నా సైటుకు అసలు ఇల్లు ఇదేనని రుజువు చేసే తాళం గుర్తు లేదు కాబట్టి, తప్పు ఇంటికి వచ్చావని బ్రౌజర్ కూడా హెచ్చరించలేదు.

కేబులాయన అబద్ధం చెప్పాడు. నా వ్యాసం కంటపడగానే, కోరుట్లలో తన తీగ మీద ఉన్న ప్రతి ఇంట్లో నా పేరు అడిగితే స్వామి గుమ్మం చూపించాడు.

వేరే ఎవరైనా అయితే నేను ఇంతగా మండిపోయేవాణ్ణి కాదు. వాడిదీ నాదీ సిరిసిల్లే. మరమగ్గాల వాడలో పక్కపక్క ఇళ్ళు. ఆదివారం మగ్గాలు ఆగిన పూట గ్రంథాలయం గదిలో పెద్దలు మాకు వాదించడం నేర్పారు. అక్కడొక నియమం ఉండేది. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వు చెప్పాలి. అవును, నా మాట ఇదే అని వాడు ఒప్పుకున్నాకే నువ్వు ఖండించాలి. నాకన్నా చిన్నవాడైనా వాడు ఆ పనిలో దిట్ట. నిమ్మకాయలో రక్తం చూపే ఒక సామి గుట్టు పట్టి, మేమూ నిమ్మకాయ కోసి రక్తం కార్పించి, అది ఏ మందో ఊరూరా తిరిగి చెప్పింది మేమిద్దరం. మహిమ ఎలా తయారవుతుందో తెలిసినవాడు మహిమ తయారు చేశాడు. ఆ తెలివి మాకు నేర్పింది దీనికి కాదు.

ఆదివారం పొద్దున కోరుట్ల బస్సెక్కాను. వాడికి ఫోన్ చేసి, నా పేజీ తెరుచుకోవడం లేదు, ఒకసారి చెల్లె ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు. నుదుట విభూతి, మెడలో ఎర్ర కండువా. నన్ను చూసి ఒక క్షణం తగ్గి, వెంటనే సర్దుకున్నాడు. అత్తకు కాళ్ళు మొక్కాడు. నన్ను అన్నా అని పిలిచి, ఒంట్లో ఎలా ఉందని అడిగాడు.

నేను సిరిసిల్ల నియమం పాటించాను. అత్తమ్మను అడిగాను: రౌటర్ ఈ మూలన ఉంది, దానికి పూజ జరుగుతోంది, అందుకే నా పేజీ స్వామిగా మారుతోంది, నీ మాట ఇదేనా?

"గదే. ఉన్నది ఉన్నట్టు జెప్పినవు కొడుకా. కని పాపం, నువ్వు గెలువవు" అంది ఆమె.

అయితే మూల మారదు, పసుపు చెరగదు, దీపం ఆరదు అన్నాను. ఒక్క అంకె మారుస్తాను, అంతే. రౌటర్‌ను మెల్లగా తిప్పి, కింద అచ్చువేసిన పాస్‌వర్డ్ చూశాను. పసుపు అంటి ఒక అక్షరం కనిపించకపోతే చెల్లె తడిగుడ్డతో తుడిచింది. లాప్‌టాప్‌లో రౌటర్ లోపలికి వెళ్ళి డీఎన్ఎస్ గడి చూపించాను. కేబులాయన అంకె చెరిపి, ప్రపంచమంతా వాడే నాలుగు ఎనిమిదులు కొట్టాను. రౌటర్ ఆగి మళ్ళీ వెలిగింది. అత్తమ్మ ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. ఒత్తమన్నాను. నా వ్యాసం వచ్చింది.

ఆమె ఫోన్‌ను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. పాత అంకె మళ్ళీ పెట్టాను. స్వామి వచ్చాడు. తీశాను. పోయాడు. రౌటర్ మాత్రం ఈశాన్యంలోనే ఉంది.

కేబులాయన నోరు విప్పాడు. సర్వర్‌లో ఏదో టెక్నికల్ లోపమట, రేపు చూస్తాడట.

అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. ఇంటి నుంచి సిద్ధం చేసుకుని వచ్చాను. స్వామి పేజీకీ తాళం గుర్తు లేదు. తొవ్వ చెప్పే పని నా లాప్‌టాప్‌కే నేర్పి, ఆ గడిలో దాని అంకె పెట్టాను. ఇప్పుడు స్వామి పేజీ తెరువు అత్తమ్మా, అన్నాను. తెరిచింది. స్వామి పేరు కొట్టిన చోట నా వ్యాసం వచ్చి కూర్చుంది.

"గిప్పుడు సామే నీకు దండం పెట్టిండా ఏంది?" అందామె. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"పెట్టలే అత్తమ్మా. నేనే పెట్టించిన. గీనె గూడ గట్లనే పెట్టించిండు" అని కేబులాయన వైపు చూపించాను.

వాడి మొహం చూస్తే నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. వాడు సణిగాడు. "అన్నా, నలుగుట్ల గిట్ల ఇజ్జత్ తీసుడు మంచిగ లేదు."

"నిమ్మకాయ సామి ఇజ్జత్ నలుగుట్లనే తీసినం గదరా. నువ్వే గదా కత్తి పట్టుకున్నది."

ఇంతలో అత్తమ్మ వాడి వైపు తిరిగింది. నాకు తట్టని ప్రశ్న ఆమె అడిగింది.

"మరి గోలీలు బంద్ జెయ్యిమన్నది సామేనా? గది గూడ నువ్వే పెట్టినవా?"

వాడు రౌటర్ వైపు చూశాడు.  ఆమె మచ్చ ఉన్న వేలిని బొటనవేలితో రుద్దుకుంటూ ఎదురుచూసింది. మా ముగ్గురి మధ్యలోంచి నా మేనకోడలు తల దూర్చింది.

"మామా, మీ లొల్లిల నా పొద్దుగాల గోలి యాల్ల దాటిపాయె."

అంకెలు మార్చే సంబరంలో నేను కూడా గడియారం చూడలేదు. అత్తమ్మ కోడలితో గోలీల డబ్బా తెమ్మంది. తన చేత్తోనే పిల్ల నోట్లో వేసి, నీళ్ళు తాగించి, నాలుక కింద దాచుకుందేమోనని నోరు తెరిపించి చూసింది. గురువారం ఎవరూ వెల్గటూర్ పోలేదు.

సోమవారమే కేబులాయన చెల్లె ఇంటి తీగ కత్తిరించాడు. వేరే కనెక్షన్ పెట్టించుకున్నాం. నాలుగు ఎనిమిదులు మాత్రం ఏమైనా దేవుడా? అది కూడా ఎక్కడో దూరాన ఉన్న కంపెనీదే. నేను భక్తుణ్ణి కాను. ఎవరినో ఒకరిని తొవ్వ అడగక తప్పనప్పుడు, అబద్ధం చెప్పినవాణ్ణి వదిలి ఇంకొకరిని అడిగే హక్కు మనదే అని చెల్లెకు చెప్పాను. ఆ గడి ఎక్కడుందో నేర్పాను. ఇప్పుడు చెల్లె వాడకట్టులో ఇంటింటికీ పోయి మారుస్తోంది. వెంట అత్తమ్మ కూడా పోతుంది. ముందు ఆ ఇంటివాళ్ళ వాదం అడుగుతుంది, ఆ తర్వాతే కోడల్ని అంకె మార్చనిస్తుంది.

కేబులాయన ఫోన్ చేశాడు. నా పేజీ సరిచేశానన్నాడు, ఇంక చాలించమన్నాడు. స్వామి పేజీలో మందులు మానమన్న మాట తీసేశావా అని అడిగాను. అది స్వామివారి ఇష్టం అన్నాడు.

"అయితె ఇను. నీ ఇల్లు యాడనని ఎవ్వలన్న అడిగితె తప్పు తొవ్వ జెప్ప. సక్కగ నీ వాకిట్లకే తోలిస్త."

మొన్న చెల్లె ఇంటికి పోయినప్పుడు వెనక వీధి నుంచి ఒకావిడ వచ్చింది. దారం నమ్మి కొడుకు గోలీలు ఆపింది. వాడు ఫిట్స్ వచ్చి బడి మెట్ల మీద పడ్డాడు, పన్ను విరిగింది, గడ్డం పగిలింది. కట్టుతో ఉన్న పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టుకుని, ఆ కేబులాయన ఇల్లెక్కడని అడిగింది. నేను చెప్పులు వేసుకుని మలుపు దాకా వాళ్ళతో నడిచాను. కుడి వైపు తిరిగాక రెండో సందు, నీలం గేటు అని చేయి చాపి చూపించాను. ఈ పూట ఇంట్లోనే ఉంటాడని కూడా చెప్పాను.