ఏరు దాటించినవాడి కబురు కోసం కాకినాడకు

మొగల్తూరు నుంచి కాకినాడకు కోనసీమ మీదుగా సొంత కారులో వెళ్ళాలని నాకు ఎప్పటినుంచో సరదా. మొన్న బయలుదేరింది మాత్రం మా మావయ్య కోసం. డెబ్బై ఒకటిలో బంగ్లాదేశ్ స్వతంత్రం కోసం పోరాడుతున్నప్పుడు, వాళ్ళకు సాయంగా వెళ్ళిన మన సైన్యంలో ఆయన లారీ డ్రైవరు. కాకినాడ రేవులో బియ్యం ఎగుమతి పని చూసే ఆయన స్నేహితుడు ఫోన్ చేసి, బంగ్లాదేశ్ ఓడ ఒకటి వచ్చిందనీ, అందులో వంటవాడిది మావయ్య అప్పట్లో దాటిన మేఘనా నది ఒడ్డేననీ చెప్పాడు. ఆ వంటవాడు మధ్యాహ్నం రెండింటిదాకా ఒడ్డున ఉంటాడు, సాయంత్రం ఓడ కదులుతుంది. మావయ్య ఆ రాత్రే ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నారు.

పొద్దున్న ఆరింటికి బయలుదేరి నరసాపురం, పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కాం. కొబ్బరితోటల మధ్య రోడ్డు బాగుంది, మా పాత కారే బాగాలేదు. వెనక నల్లటి పొగ. ముందువారం దాన్ని మా చేపల రేవులో బోటు ఇంజన్లు చూసే మెకానిక్‌కే ఇచ్చాను. ఏ మెకానిక్ అయితేనేంలే అనుకున్నాను. అమలాపురం దగ్గర పోలీసు ఆపి కాగితాలు చూశాడు. "పొల్యూషన్ గడువు అయిపోయిందండి. ఎదర బంకులో వ్యాన్ ఉంటుంది, చేయించుకుని వెళ్ళండి" అన్నాడు.

పరీక్షకయ్యేది వంద రూపాయల లోపే. వ్యానులో ఆయన సైలెన్సర్‌లోకి గొట్టం దూర్చి, కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువ చూపిస్తోందండి. ఎవరు ట్యూన్ చేశారు?"

"మా బోటు మెకానిక్ అండి."

"అదీ సంగతి. సముద్రంలో ఒక్క లాగుకే స్టార్ట్ అవ్వాలని వాళ్ళు పెట్రోలు ఎక్కువ వదులుతారు. ఇది కారండీ బాబూ!"

"ఓడ వెళ్ళిపోయేలోగా ఒకతన్ని కలవాలి, కాస్త చూసీచూడనట్టు పోనివ్వండి" అని మావయ్య బతిమాలారు. మిషను చూపించిన అంకె నేరుగా ఆన్‌లైన్లో పైవాళ్ళకి వెళ్ళిపోతుందనీ, తన చేతిలో ఏమీ లేదనీ ఆయన మర్యాదగానే చెప్పాడు. పక్క షెడ్డులో కార్బొరేటర్ విప్పించాం. నాకు నా మీదే ఒళ్ళు మండింది. మావయ్య బల్ల మీద కూర్చుని ఆ పొగనే చూస్తున్నారు.

"అక్కడా పొగే అమ్మా గొడవ. నది ఒడ్డుకి వచ్చేసరికి, పొగ లేస్తే అవతల పాకిస్తానోళ్ళకి జాడ తెలిసిపోద్దని ఇంజన్లు ఆపేయమన్నారు. ఆ ఊరోళ్ళు తాళ్ళు కట్టి మా లారీలు రేవుదాకా లాగారు. కరీం అని ఒకడు నన్ను పడవలో దాటించాడు. ఇంకో జట్టుని తేవడానికి వెనక్కి వెళ్ళాడు. అప్పుడే నది మీద గుండ్లు పడటం మొదలైంది. ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, మేం ముందుకెళ్ళిపోయాం. వాడు బతికాడో లేదో ఈరోజుకీ తెలీదు."

ఆయన నోట ఆ పేరు వినడం నాకదే మొదటిసారి.

రెండోసారి పరీక్షలో కారు గట్టెక్కింది. అప్పటికే పది దాటింది. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి, యానాంలో కాస్త చవకని పెట్రోలు పోయించుకుని, పన్నెండున్నరకు కాకినాడ రేవు దగ్గర మెస్సుకు చేరాం. ఆ ఓడ వంటవాడు అక్కడే ఉన్నాడు, ముప్పై ఏళ్ళుంటాయి. ఎదురొచ్చి మావయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. మావయ్య మిలిటరీ హిందీలో కరీం గురించి అడిగారు. ఆ పేరుగలవాళ్ళు ప్రతి రేవులో పదిమంది ఉంటారని అతను నొచ్చుకుంటూ చెప్పాడు. మావయ్య ముఖం వాడిపోయింది. అది చూసి అతను ఇంటికి వీడియో కాల్ చేసి వాళ్ళ నాయనమ్మకు ఫోన్ ఇచ్చాడు. ఆమె చెప్పింది అతను హిందీలో వినిపించాడు.

"మా రేవు పడవలు ఆరోజు కొన్నే తిరిగొచ్చాయి. మీ రేవు సంగతి నాకు తెలీదు నాయనా. నువ్వు అవతలికి చేరావు కదా, అతను వచ్చింది అందుకే. అన్నం తిన్నావా?"

మావయ్య ఆమెకు దణ్ణం పెట్టి భోజనానికి కూర్చున్నారు. పులస చేపల కాలం కాదని పండుగప్ప పులుసు వండిన మెస్సు ఆయన, బాగుందా అని అడిగితే తల ఊపారు.

మనం ఆ దేశానికి సాయం చేశామని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాను. మావయ్యను ఏరు దాటించింది మాత్రం వాళ్ళే. తిరుగుదారిలో ఎదుర్లంక వంతెన దిగాక ఆయన కారు ఆపించి గట్టు మీదికి వెళ్ళారు. గౌతమిలో ఒక పడవవాడు పోతుంటే చెయ్యెత్తారు. ఎవరో తెలియకపోయినా అతనూ చెయ్యి ఊపాడు. పడవ అవతలి ఒడ్డు చేరేదాకా మావయ్య కదల్లేదు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పొల్యూషన్ పరీక్ష ముందురోజే చేయించుకోండి. ఓటీపీ బండి యజమాని ఫోనుకే వస్తుంది కాబట్టి ఆ ఫోను దగ్గర ఉంచుకోండి. కారును మాత్రం కారు మెకానిక్‌కే ఇవ్వండి.