ఖాళీగా ఉన్న వేడి గడి

"మీ పాదరసం పాడైపోయిందండీ! నా మీటరు సరిగ్గానే ఉందని ఇంకో ల్యాబ్‌లో తేల్చారు. ఐదు మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తోందని మీరెలా రాసిచ్చారు?"

ఆ ఇంజనీరు గొంతు కింద పత్తర్‌గట్టి వీధి దాకా వినిపించి ఉంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఉస్తాద్ ఆ మేడమీది రేకుల గదిలో నలభై ఏళ్లుగా గాలి పీడనం కొలిచే మీటర్లు సరిచూస్తున్నాడు. గోడకు బిగించిన గాజు గొట్టంలో పాదరసం ఎంత ఎత్తున నిలిచిందో చూసి, మీటరుతో పోల్చి, చీటీ మీద ముద్ర వేస్తాడు. ఆ ముద్ర పడితే ఎవరూ మారు మాట్లాడరు. పదేళ్లుగా ఆయన పక్కన పనిచేస్తున్న నేను, ఆయన మీద అరిచినవాణ్ణి అప్పుడే మొదటిసారి చూశాను.

"ఏంది సార్ లొల్లి? నిన్న కొన్న డబ్బా పట్టుకొచ్చి ఉస్తాద్‌కే నేర్పుతవా?" అని మీదికి పోయాను.

ఉస్తాద్ రిజిస్టరు తెరిచి, ఒక పేజీ చూసి మూసేశాడు.

"గలతీ నాదే సాబ్. కండ్లు సరిగ్గ కనిపిస్తలేవు," అన్నాడు. కొత్త చీటీ రాసిచ్చాడు. గుమ్మం దగ్గర కూర్చున్న ఇద్దరు తమ మీటర్లు సంచుల్లో పెట్టుకుని దిగిపోయారు.

"ఎందుకు ఒప్పుకున్నరు ఉస్తాద్?" అని అరిచాను. ఆయన నమాజుకు వెళ్లాడు. నేను రిజిస్టరు తెరిచాను.

వేడికి పాదరసం ఉబ్బి తేలికవుతుంది. గాలి ఒత్తిడి అంతే ఉన్నా గొట్టంలో ఎత్తు పెరుగుతుంది. మే నెలలో ఆ రేకుల కింద దాదాపు ఐదు మిల్లీమీటర్లు అదనం, లెక్కకట్టి తీసేయాలి. అందుకే గొట్టం దగ్గరికి పోకముందే, దూరం నుంచే థర్మామీటరు చదవమనేవాడు ఉస్తాద్. "మన ఒంటి గర్మీ తగిలినా దాని మిజాజ్ మారుతది. ముందు గర్మీ రాయి, తర్వాత ఎత్తు." వినీ వినీ విసుగొచ్చేది.

ఆ ఇంజనీరు మీటరు సరిచూసిన తేదీ దగ్గర ఎత్తు ఉంది. వేడి గడి ఖాళీ. రాత నాది. కరెంటు పోయి ఉక్కపోస్తుంటే, ఎప్పుడు బయటపడదామా అని రాసిపడేశాను. ముద్ర కూడా నేనే కొట్టాను.

ఆయన తిరిగి రాగానే, "గలతీ నాది. అందరికీ చెప్త," అన్నాను.

"నువ్వు ఇంక ముప్పై ఏండ్లు ఈ పని చెయ్యాలె. నాకెన్నేండ్లు? నోరు మూసుకో," అన్నాడు.

ఒక్క తిట్టు తిట్టలేదు. అందుకు ఆయన మీద కూడా కోపమే.

ఇప్పటికీ మీటరు తెచ్చినవాళ్లు మెట్ల మీదే నన్ను ఆపి గొంతు తగ్గిస్తారు. "భాయ్, ముసలాయన చూడలే కదా? నువ్వే చూసినవ్ కదా?"

పళ్లు కొరుక్కుని, "నేనే చూసిన," అంటాను.