మా అమ్మను వెతికిన హిందీ టీచరు గారు

"మేడం పోయారే..." అంది అమ్మ మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్‌లో. వినుకొండలో మా వీధి చివరింట్లో ఉండే హిందీ టీచరు గారు నిద్రలోనే వెళ్లిపోయారు. ఈరోజు నేను అమ్మ గొంతు వినగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

తొంభైల చివర్లో, నాన్న పోయాక, మిరపకోతల కూలితో ఇల్లు గడవక అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నన్ను అమ్మమ్మకు అప్పగించింది. ఏడాదిపాటు ఉత్తరాలొచ్చాయి. తర్వాత ఆగిపోయాయి.

అమ్మమ్మకు చదువు రాదు. నేను రోజూ పోస్ట్‌మాన్ వెనకాల తిరగడం చూసి టీచరు గారే ఒకరోజు మా ఇంటికొచ్చారు. పాత ఉత్తరాలన్నీ చాప మీద పరిచి చదివారు. కవర్ల మీద పోస్టు బాక్సు నంబరే తప్ప ఇంటి అడ్రసు లేదు. ఆ వారమే అక్కడి మన ఎంబసీకి ఉత్తరం రాశారు. ఈ వివరాలు చాలవని జవాబొచ్చింది. మళ్లీ రాశారు. ప్రతి ఉత్తరం చివరా నా చేత ఒక వాక్యం రాయించేవారు. అక్షరం వంకర పోతే, నేను ఏడ్చినా సరే, తిరగరాయాల్సిందే. "చదివేవాళ్లకు నువ్వు కనపడాలి" అనేవారు. నాకు ఓపిక నశించిన రోజున, "మనం అడగటం మానేసిన రోజే మీ అమ్మ నిజంగా తప్పిపోయినట్టు" అన్నారు.

నాకు పన్నెండేళ్లప్పుడు, కువైట్‌కు పనివాళ్లను పంపే ఏజెంటు ఒకడు మా ఇంటికి వచ్చాడు.

"పిల్లని నాతో పంపు పెద్దమ్మా, వాళ్లమ్మ దగ్గరే దింపుతా. పాస్‌పోర్టు సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. అమ్మమ్మ కూడా మెత్తబడింది. సంగతి తెలిసి టీచరు గారు చెప్పులైనా వేసుకోకుండా వచ్చారు.

"వాళ్లమ్మ ఏ వీధిలో ఉందయ్యా?"

అతను నసిగాడు.

"పాస్‌పోర్టులో దీని వయసెంతని రాయిస్తావు?"

అతను గుమ్మం వైపు చూశాడు.

"తల్లెక్కడుందో తెలియనోడివి, పిల్లనెక్కడ దింపుతావురా? నడువు ముందు!"

ఆ కేకకు వీధంతా బయటికొచ్చింది. అతను మళ్లీ మావైపు రాలేదు. ఆవిడ మీద కోపంతో ఆరోజు నేను అన్నం తినలేదు. నన్ను ఎందులోంచి బయటికి లాగారో పెద్దయ్యాకే అర్థమైంది.

కువైట్ నుంచి ఎవరైనా తిరిగొచ్చారని తెలిస్తే చాలు, టీచరు గారు అమ్మ ఫోటో పట్టుకుని బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లేవారు. అలా మార్కాపురం దగ్గర ఒక పల్లెలో ఒకామె ఫోటో చూసి, "ఈమె మా పక్కింట్లోనే చేసేదండీ. పాస్‌పోర్టు లాక్కున్నారు, బయటికి రానివ్వరు. చెత్త పడేసేటప్పుడు గోడ పక్కన మాట్లాడుకునేవాళ్లం" అంది. దగ్గర్లోని బడి, రొట్టెల దుకాణం, వీధి మలుపు ఆమె చెబుతుంటే టీచరు గారు నోటుబుక్కులో దారి గీసుకున్నారు. ఆ కాగితం ఎంబసీకి వెళ్లింది. కొన్ని నెలలకు అమ్మ ఆ ఇంట్లోంచి బయటపడింది.

అమ్మ రైలు దిగిన రోజు నేను గుర్తుపట్టలేదు. అంతగా చిక్కిపోయింది. టీచరు గారి వెనక దాక్కున్నాను. అమ్మ చాపిన చేతులు చాపినట్టే నిలబడిపోయింది. ఆ తర్వాత కూడా బడి నుంచి నేరుగా టీచరు గారింటికే పోయేదాన్ని. నాలుగు రోజులు చూసి ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపేశారు.

"ఇక ఇక్కడికి రాకు. మీ ఇంటికి పో."

"నేనేం చేశాను మేడం?"

"ఏం చెయ్యలేదమ్మా. మీ అమ్మ అంత దూరం నుంచి వచ్చింది. ఈ నాలుగిళ్ల దూరం నువ్వు నడవాలి."

తలుపు వేసేశారు. పిల్లల్లేని మనిషి. నేను వెళ్తే ఆ ఇంట్లో ఎంత సందడో నాకు తెలుసు. ఆ తలుపు వెనక ఆవిడ ఎంతసేపు నిలబడ్డారో మాత్రం తెలియదు.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం అమ్మ మెట్ల మీద కూర్చుని నాకు జడ వేస్తోంది. నేనేదో చెబుతుంటే నవ్వుతోంది. బజారు నుంచి కూరల సంచితో వస్తున్న టీచరు గారు మలుపులో ఆగారు. పిలుద్దామని చెయ్యెత్తాను. "కదలకే, పాయ తప్పుతుంది" అని అమ్మ నా తల ముందుకు తిప్పింది. మళ్లీ చూసేసరికి, ఆవిడ మా ఇంటి ముందు నుంచి రాకుండా, కళ్లజోడు చీర చెంగుతో తుడుచుకుంటూ వెనక సందులోకి మళ్లుతున్నారు.