తలుపు పక్కన కుర్చీ

జులై నెల, చలికాలం, రెండో మంగళవారం. హారిసన్, కాన్‌బెర్రా, ఆస్ట్రేలియా.

మా పేటలో పిల్లలు పాత సైకిళ్ళు బాగుచేయడం నేర్చుకునే షెడ్డు నడిపిన పెద్దాయన గురువారం ఉదయం పోయారు. శనివారం మా మనవరాలు ఎప్పటిలాగే షెడ్డుకు వెళ్ళి, తాళం చూసి, తలుపుకు అంటించిన కాగితం చదివి తిరిగొచ్చింది. "అమ్మమ్మా, హీ డైడ్" అని, హెల్మెట్ కూడా తియ్యకుండా సోఫాలో కూర్చుండిపోయింది. బాధ్యత తీసుకునే పెద్దవాళ్ళు ఎవరైనా దొరికేదాకా షెడ్డు తెరవరని కూడా ఆ కాగితంలో ఉందట. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇది చదివే ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామంది శనివారాలు తమ పిల్లల్ని అక్కడికి పంపినవాళ్ళే.

ఆయన్ని నేను మొదటి నుంచీ అనుమానించాను. అందుకు క్షమాపణ చెప్పుకోవడానికి మాత్రం ఇది రాయడం లేదు.

గుంటూరులో ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. అంతా సవ్యంగా ఉందని ఎవరైనా అంటే ముందు అక్కడే వెతకడం నా అలవాటు. మనవరాలికి పద్నాలుగేళ్ళు. స్కూలు మారినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడటం మానేసింది. ఏమడిగినా "ఫైన్" అనేది, గది తలుపు వేసుకునేది. అలాంటి పిల్ల ఒక శనివారం గోళ్ళ నిండా గ్రీజుతో వచ్చి, అన్నం తింటూ, సైకిలు చెయిన్ ఎలా ఎక్కించాలో వాళ్ళమ్మకు చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయీ అల్లుడూ మురిసిపోయారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. కన్నవాళ్ళ వల్ల కానిది ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క పూటలో ఎలా చేశాడు?

"ఎవరాయన?" అన్నాను.

పేరు చెప్పింది. ఉత్త పేరు.

"అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలుస్తావా? అంకుల్ అను."

"హీ ఈజ్ నాట్ మై అంకుల్, అమ్మమ్మా. ఆయనే అలా పిలవమన్నాడు."

అదీ నాకు నచ్చలేదు.

మరుసటి శనివారం వెంట వెళ్ళాను. షెడ్డు తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా పాత టైరు అడ్డం పెట్టి ఉంది. లోపల పిల్లల నోళ్ళలోంచి చలికి ఆవిర్లు వస్తున్నాయి. హీటరు పెట్టుకుని తలుపు తీసి ఉంచడం ఏం తెలివి అనుకున్నాను. బయట రోడ్డు మీద కార్లు ఆగుతున్నాయి, పిల్లలు దిగుతున్నారు, కార్లు వెళ్ళిపోతున్నాయి. వాటిలో మనవాళ్ళ కార్లూ ఉన్నాయి. కారు దిగిన పెద్దవాళ్ళు ఒక్కరూ కనబడలేదు.

పిల్లలతో పనిచేసేవాళ్ళకు ప్రభుత్వం విచారణ చేసి ఇచ్చే కార్డు ఉంటుంది. అది చూపించమన్నాను. మనవరాలు సిగ్గుతో నేల చూపులు చూసింది. ఆయన మాత్రం వెంటనే తీసి నా చేతికిచ్చి ఏదో అన్నారు. ఫైళ్ళలో రాసే ఇంగ్లిషు నాకు బాగా వచ్చు. సగం నోట్లోనే మింగేసే ఆయన ఇంగ్లిషును మాత్రం పిల్ల విప్పి చెప్పాలి.

"ఇది అడిగిన ఫస్ట్ పర్సన్ నువ్వేనంట. అందరూ అడగాలంట."

"మరి, జీతం లేకుండా ఇదంతా ఎందుకు చేస్తున్నారో కూడా అడుగు."

ఆయన తల గోక్కున్నారు. "నో రీజన్, రియల్లీ."

"ఊరికేనంట" అంది మనవరాలు.

ఫైలులో కారణం రాయాల్సిన చోట ఖాళీ కనబడితే నేను ఎర్ర పెన్ను తీసేదాన్ని. "ఊరికే ఎవరూ ఏదీ చెయ్యరు" అన్నాను. ఆ మాట ఆయన చెవిన పడింది. "ఊరీకే?" అని అర్థం అడిగి తెలుసుకుని, నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి ఒక మడత కుర్చీ తెచ్చారు. షెడ్డు మొత్తం కనబడేలా తలుపు పక్కన వేసి, నన్ను కూర్చోమన్నారు. తన కళ్ళు చూపించి, నా కళ్ళు చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకున్నారు. నన్ను కనిపెట్టి ఉండండి అని.

ఆ తర్వాత ప్రతి శనివారం నేను వెళ్ళేసరికి ఆ కుర్చీ వేసి ఉండేది. "ఊరీకే?" అని పలకరించేవారు. "కాదు. చూడటానికి" అనేదాన్ని.

చూశాను. ఆయన రిటైరైన పళ్ళ డాక్టరు. సైకిలు పని ఆయనకు అంతంతమాత్రం. చక్రం తిరగేసి బిగించి, పిల్లలు పకపకా నవ్వుతుంటే తానూ నవ్వేవారు. "నాకు కుదరడం లేదు, నువ్వు చూస్తావా?" అని మనవరాలికి ఇచ్చేవారు. నటిస్తున్నాడేమోనని కొన్ని వారాలు అదే పనిగా గమనించాను. కొంత నటన ఉంది. చాలావరకు నిజంగానే రాదు.

ఒక అలవాటు మాత్రం విడవలేదు. పిల్లలు ఎక్కడైనా ఆగిపోతే ఆయన రెండు చేతులూ కోటు జేబుల్లోకి వెళ్ళేవి. బయట ఉంటే అవే పని చేసేస్తాయట.

ఒకరోజు బ్రేకు తీగ ఎంతకీ బిగియక మనవరాలు పానా విసిరికొట్టి ఏడ్చింది. నేను కుర్చీలోంచి లేచాను. ఆయన నా వైపు చూసి, చేతులు జేబుల్లోంచి తియ్యకుండా, తల అడ్డంగా ఊపారు. మళ్ళీ కూర్చున్నాను. అది నాకు తేలికైన పని కాదు. కాసేపటికి పిల్ల కళ్ళు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా, ఆ బ్రేకుతో చెప్పినట్టుగా, కొత్త స్కూల్లో రోజూ ఒక్కతే కూర్చుని తింటున్నానని చెప్పింది. నేనైతే అప్పుడే స్కూలుకు ఫోన్ చేసి నిలదీసేదాన్ని. ఆయన "అది కష్టమే" అన్నారు. కొంచెం ఆగి, ఇప్పుడు ఏ పానా కావాలని అడిగారు.

ఆ సాయంత్రం ఇంట్లో దాని పక్కన కూర్చున్నాను. చీరకు జేబులుండవు గానీ ఇక్కడి చలికి వేసుకునే స్వెట్టరుకు ఉంటాయి. చేతులు అందులో పెట్టుకుని ఏమీ అడగలేదు. అదే మొదలుపెట్టింది. సగం ఇంగ్లిషు, సగం తెలుగు. భోజనాల వేళ దాటిపోయింది.

నిన్న ఆ షెడ్డు వ్యవహారం చూసే ఆఫీసుకు ఫోన్ చేశాం. షెడ్డు బాధ్యత నేను తీసుకుంటానంటే, ఎందుకని అడిగింది అక్కడి ఉద్యోగిని. నాకు ఇంగ్లిషు మాట తట్టలేదు.

"ఊరికే" అన్నాను.

మనవరాలు నా మొహం వంక చూసి, ఫోన్ దగ్గరికి వంగింది. "నో రీజన్, రియల్లీ."

తర్వాత ఆమె నా గురించి ప్రశ్న మీద ప్రశ్న అడిగింది, నా గురించి చెప్పగలవాళ్ళ పేర్లూ అడిగింది. ఆ మనిషి నాకు నచ్చింది.

ఇక జరగాల్సినవి:

1. నా విచారణ పూర్తయి కార్డు చేతికి వచ్చేదాకా తాళం తీయకూడదు. పిల్లలు ఎంత బతిమాలినా సరే.

2. నేనొక్కదాన్నీ చాలను. సైకిలు పని వచ్చినవాళ్ళు ఒకరు, రానివాళ్ళు ఒకరు కావాలి. రానివాళ్ళు తప్పనిసరి.

3. పిల్లల్ని దించేవాళ్ళు ఒక్కసారైనా కారు ఆపి లోపలికి రావాలి. మా కార్డులు అడగాలి.

4. ఎంత చలి ఉన్నా తలుపు మూసుకోకుండా టైరు అడ్డం ఉండాలి.

5. మడత కుర్చీ దాని చోటనే ఉండాలి. ఇకమీదట అందులో నేను కూర్చోను. నన్ను కనిపెట్టి ఉండటానికి వచ్చేవాళ్ళ కోసం అది.