రాస్ జెబులన్ నిష్ఠ

మా సందు చివరింటి ఎవర్టన్ ముప్పై ఏళ్లుగా రాస్ జెబులన్ అనే పేరు పెట్టుకుని రెగ్గే పాటలు పాడుతున్నాడు. తెచ్చినవి రెండే రికార్డులు, నడక మాత్రం మహారాజుది. పొద్దున్నే గోడెక్కి కూర్చుని, జడలు కట్టిన జుట్టుకి కొబ్బరినూనె రాసుకుంటూ, దారినపోయే వాళ్లెవరైనా గుర్తుపడతారేమోనని ఓరగా చూస్తుంటాడు. రాస్తా మతస్థుణ్ణంటూ ఉప్పు ముట్టడు. ఆ చప్పిడి కూర కూడా వాళ్లమ్మ ఐవలినే వండాలి.

మార్చిలో ఆవిడ చెల్లెలు పోయింది. "ఒరే, నిన్ను ఎత్తుకుని పెంచిందిరా. సమాధి దగ్గర ఒక్క పాట పాడు" అని బతిమాలింది ఐవలిన్.

"రాస్తా అన్నవాడు శవం దగ్గరికి రాడమ్మా. నిష్ఠ చెడుతుంది" అన్నాడు, జుట్టు టోపీలోకి దోపుకుంటూ.

పదిహేను రోజులకి ఓ పెద్ద రికార్డుల కంపెనీ యజమాని పోయాడు. టీవీ వాళ్లొచ్చారు. మనవాడు శవపేటికని ఆనుకుని, కెమెరా వైపే తిరిగి మూడు పాటలు పాడాడు. మర్నాడు కంచె ఇవతల బట్టలారేస్తూ నేను చెవి అటే పెట్టాను.

"టీవీలో చూశావా అమ్మా?"

"చూశా నాయనా, బాగా పాడావు. నేను పోయినప్పుడు ఆ కెమెరాల వాళ్లకి ఎవరు కబురు పెట్టాలో ఇప్పుడే చెప్పు, పక్కింటావిడకి చెప్పి ఉంచుతాను."