నా వేలు, మా ఆవిడ చేపలు

ఆరో తరగతితో బడికి దండం పెట్టేసినవాణ్ణి. పది దాకా లెక్క వస్తే చాలు, అదీ మరిచిపోతే చూసుకోవడానికి చేతికి వేళ్ళున్నాయి కదా అని ధీమాగా బతికాను. మొన్నటి క్రిస్మస్ ముందు ఆ లెక్క కాస్తా తొమ్మిదికి దిగేటట్టు కనిపించింది.

మాది భోగాపురం దగ్గర, సముద్రపు హోరు వినిపించే ఊరు. మా ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. నేను వారమంతా ఎయిర్‌పోర్టు పనుల్లో సిమెంటు మోస్తాను. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం మా పేటలో పందిని కోసే కత్తి నాది. ఆ కత్తి చేతిలో ఉన్నంతసేపూ నేనూ ఒక పెద్దమనిషినే. సంఘ పెద్దలు సైతం నా ముందు నిలబడి, మా వాటాలో కొవ్వు తగ్గించు నాయనా అని బతిమాలుకుంటారు. ఇక క్రిస్మస్ విందు పంది దగ్గరైతే పాస్టరు గారి తరవాత నేనే.

డిసెంబరు మొదటి ఆదివారం మా అక్క మొగుడు తన పందిని తోలుకొచ్చాడు. రెండు రోజులుగా మేత ముట్టలేదట. ఒంటి మీద ఎర్రగా, పలకలు పలకలుగా మచ్చలు. పశువుల ఆసుపత్రిలో ఓసారి చూపిద్దామా అని ఆయనే నసిగాడు. నేను తెలివైనవాణ్ణి కదా, నలుగురికీ వినపడేలా అందుకున్నాను.

"గళ్ల లుంగీ కట్టినాది బావా, పండక్కి. దానికి డాక్టరెందుకు, టైలరు కావాలి గానీ."

అందరూ నవ్వారు. అంతమంది నవ్వాక కొయ్యకుండా వదిలేస్తే నా పరువేం కాను? కోస్తుంటే ఎముక ముక్క చూపుడువేల్లో దిగింది. కాస్త కాఫీపొడి అద్ది మిగతా పని పూర్తి చేశాను. తిన్నవాళ్ళకు ఏమీ కాలేదు. మా పేట ఆడవాళ్ళు ఆ కూరను గంటల తరబడి ఉడికిస్తారు. ఉడకనిది నేనొక్కణ్ణే.

మూడో రోజుకి వేలు లేత వంకాయలా ఊదారంగు తేలింది. మంట, దురద, పోటు. వంచితే వంగదు. పసుపు పెట్టాను, కిరసనాయిలు పోశాను. ఊదారంగు అరచేతి వైపు పాకుతుంటే వేలు తీసేస్తారేమోనని భయం పట్టుకుంది. చివరికి మా ఆవిడే ఆసుపత్రికి లాక్కెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి, తట్ట ఎత్తుకుని తన దారిన పోయింది.

డాక్టరమ్మ వేలు అటూ ఇటూ తిప్పి చూసి, ఈమధ్య పందినేమైనా కోశావా అని నేరుగా అడిగింది. వెనక బెంచీ మీద మా పేటవాళ్ళు నలుగురు చెవులు రిక్కించి ఉన్నారు. పంది అన్నానంటే క్రిస్మస్ కత్తి చేజారినట్టే.

"నేదమ్మా. మా ఆవిడికి సేపలు బాగుసేసి పెడతంటే ముల్లు దిగిపోనాది."

అలా కూడా వస్తుందంది ఆవిడ. ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పందిలోనూ ఉంటుందట, చేప మీదా ఉంటుందట, గాయం దొరికితే మనిషిలోకి దూరుతుందట. మందు ఒకటే, పెన్సిలిన్. అశ్రద్ధ చేస్తే రక్తంలో కలిసి గుండె దాకా పోతుందని భయపెట్టింది. జబ్బు చేసిన జంతువును కోయొద్దు, గ్లౌజులు లేకుండా పచ్చి మాంసం ముట్టొద్దు అని కూడా చెప్పింది. నా చెవికి అవేవీ ఎక్కలేదు. నా అబద్ధానికి డాక్టరీ చదువులో కూడా చోటుందని మురిసిపోతూ బయటికొచ్చాను.

వేలు తగ్గుముఖం పట్టింది. తట్ట మాత్రం నిండుగా ఇంటికి రావడం మొదలైంది. నీ మొగుడి వేలు కుళ్ళబెట్టిన చేపలు ఇవేనా అని వీధిలో అడుగుతున్నారట. మిగిలిన చేపలకు ఉప్పు పట్టిస్తూ మా ఆవిడ తలెత్తకుండా అడిగింది.

"నువ్వు సేపలు బాగుసేసినావా మావా? సేపకి పొలుసుంటాదనైనా నీకు తెల్సా?"

క్రిస్మస్ వెళ్ళేదాకా ఓపిక పట్టు, తరవాత నేనే అందరికీ చెబుతానన్నాను. తను ఇంకో చేపకి ఉప్పు పట్టించింది. తెల్లారి మళ్ళీ తట్ట ఎత్తుకుని వెళ్ళింది, మళ్ళీ అదే బరువుతో తిరిగొచ్చింది. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచాను. దేవుడు వేలు బాగుచేశాడని చెబుతాననుకుని పాస్టరు గారు ముందే ఆమెన్ అనేశారు. నేను ఇంకోటి చెప్పాను. ఈ వేలికి మా ఆవిడ చేపలతో సంబంధం లేదని, నేను జీవితంలో చేప బాగుచేసి ఎరగనని, ఈ పనంతా మొన్న కోసిన ఆ పందిదేనని. ఆడవాళ్ళ వైపు నుంచి మొదలైన నవ్వు చర్చి అంతా తిరిగింది. పెద్దలు మాత్రం నవ్వలేదు. క్రిస్మస్ పందిని ముందు పశువుల డాక్టరుకి చూపించాలని, కత్తి మా బావకి ఇవ్వాలని అక్కడే తీర్మానించారు. ఆయనకు గ్లౌజులు, నాకు ఉల్లిపాయలు.

మర్నాడు మధ్యాహ్నానికే మా ఆవిడ ఖాళీ తట్టతో ఇంటికొచ్చింది. నాకు ఛాతీ పొంగింది. అంతమందిలో నిలబడి, కత్తి పోతుందని తెలిసీ నిజం చెప్పాను చూశావా అన్నాను.

ఆవిడ తట్ట బోర్లించి, చేతులు కడుక్కుంటూ అంది.

"సూసినాను మావా. ఆసుపత్రిలో సేప పేరు సెప్పినావు, సర్చీలో పంది పేరు సెప్పినావు. నీ పేరెప్పుడు సెప్తావు?"